ముల్లుకర్ర మీది గీతలు

నా మోకాలు చూడటానికి జనం వస్తుంటారు. పామిడిలో నా అంగడికి విత్తనాల కోసం వచ్చేవాళ్లు కొందరైతే, మోకాలి కోసం వచ్చేవాళ్లు కొందరు. ఎవరి కొడుకో బండి మీద నుంచి పడి తొడ విరగ్గొట్టుకుని ఉంటాడు. ఎముక అతుక్కుని ఉంటుంది గానీ మోకాలు బిగుసుకుపోయి ఉంటుంది. "ఆపరేషన్ చేపిస్తే వంగుతాదంట కదన్నా, యాదీ, రోంత చూపీ" అంటారు. పంచె పైకి లాగి తొడ మీద జానెడున్నర పొడుగున్న మచ్చ చూపిస్తాను. కుర్చీలో కూర్చునే కాలు మడిచి చూపిస్తాను. వాళ్ల మొహాలు విప్పారతాయి. టీ తెప్పిస్తాను, ధైర్యం చెబుతాను. పోయేటప్పుడు వాళ్లు దండం పెడితే మాత్రం సిగ్గేస్తుంది. చెప్పవలసిన సంగతి ఒకటి చెప్పకుండా పంపిస్తున్నానని నాకు తెలుసు. ఆ ఒక్కటీ చెప్పడానికే ఇది రాస్తున్నాను. రాస్తే నా మనసు కొంచెం కుదుటపడుతుందేమోనన్న ఆశ కూడా లేకపోలేదు.

తొంభై ఏడు చివర్లో, వేరుశనగ కాయలు మార్కెట్టుకు తోలే రోజుల్లో నా కాలు విరిగింది. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ట్రాక్టరు ట్రాలీలో మూటల మీద కూర్చుని వస్తున్నాను. మా ఊరి అవతలి వంక, అదే వాగు, దాటుతుండగా ట్రాలీ ఒరిగింది. నేను కింద, మూటలు నా మీద. జనం వచ్చి మూటలు తీసేసరికి నా కుడిపాదం ఆకాశం వైపు కాకుండా పక్క చేను వైపు తిరిగి ఉంది. నొప్పి లేదు. ఆ పాదం ఎవరిదా అని కాసేపు చూశాను. నొప్పి తర్వాత వచ్చింది. వచ్చింది వచ్చినట్టు రెండేళ్లు ఉంది.

అనంతపురంలో తొడకు బయటివైపు ఇనుప కడ్డీ బిగించారు. కడ్డీ నుంచి మేకుల్లాంటివి చర్మంలోంచి ఎముకలోకి దిగి ఉండేవి. చూడటానికి వచ్చినవాళ్లు వాటిని చూసి మొహం తిప్పుకునేవాళ్లు. మా అమ్మ పాత చీర ముక్క కప్పేది. నాలుగు నెలలు అలా మంచం మీద వెల్లకిలా పడుకుని మా ఇంటి పైకప్పులో ఎన్ని దూలాలున్నాయో, ఏ దూలానికి ఎక్కడ పగులుందో తెలుసుకున్నాను. ఇప్పటికీ కళ్లు మూసుకుని చెప్పగలను.

కడ్డీ తీసిన రోజు డాక్టరు మా నాయనతో అన్నాడు. "ఎముక అతికిందప్పా. ఇంగ మోకాలు వంచాల. దినామూ వంచాల. వాడు ఏడ్చినా వంచాల. మూడు నెల్లయినాక తీసుకొని రా."

మా నాయన గురించి రెండు మాటలు చెప్పాలి. పదిహేనెకరాల మెట్ట సేద్యం చేసిన మనిషి. ఎద్దును గట్టిగా అదిలించడం కూడా చేతకాదు. చేతిలో ముల్లుకర్ర ఉండేది గానీ, దాని కొనకు ఉండాల్సిన ముల్లు ఎప్పుడో పీకేశాడు. ఊళ్లో అందరూ దానికి నవ్వేవాళ్లు. అలాంటి మనిషి చేతిలో డాక్టరు నా మోకాలు పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే నన్ను అరుగు అంచున కూర్చోబెట్టాడు. తొడ బండ మీద ఉంది. మోకాలి కింది కాలు వేలాడాల్సింది పోయి గాలిలోకి నిటారుగా చాచుకుని ఉంది. నాయన కింద గొంతుక్కూర్చుని నా మడమ కింద ముల్లుకర్ర నిలబెట్టాడు. మడమ ఎంత ఎత్తులో ఉందో అక్కడ కొడవలితో చిన్న గీత గీశాడు.

"ఇది ఈపొద్దుటి గీత. రేపటికి దీని కిందికి రావాల. వచ్చినంక ఆపేస్తా. అంతవరకూ ఆపను. అరిస్తే అరుచు" అన్నాడు.

రెండు చేతులతో పాదం పట్టుకుని కిందికి అదిమాడు. ఆ నొప్పిని వర్ణించను, అది అనుభవించినవాళ్లకు అక్కర్లేదు, మిగతావాళ్లకు అర్థం కాదు. వీధి చివర ఇంటివాళ్లు బయటికి వచ్చి చూశారని మాత్రం చెబుతాను. అరుస్తూ కిందికి చూస్తే నాయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. చేతులు మాత్రం వదల్లేదు. గీత కిందికి వేలెడు దిగాక వదిలి, కొత్త గీత గీసి, కర్ర గోడకానించి, చేనికి పోయాడు.

అయిదో రోజో ఆరో రోజో నాకు ఒక ఉపాయం తట్టింది. తట్టిందంటే ఆలోచించి కనిపెట్టింది కాదు, ఒళ్లే కనిపెట్టింది. నొప్పికి తాళలేక నడుము బండ మీద నుంచి కాస్త ముందుకు జారింది. తొడ కిందికి వాలింది. దాంతోపాటు మడమా దిగింది. మోకాలు గోరంత కూడా వంగలేదు. నాయన కళ్లు మడమ మీదా కర్ర మీదా ఉన్నాయి. పంచె కింద నా నడుము ఏం చేస్తోందో ఆయనకు కనపడలేదు. "వచ్చిందిరా!" అని వదిలేశాడు.

ఆ రోజు ఆయన మొహంలో సంతోషం చూసి నా మనసు చివుక్కుమంది. మర్నాడు మళ్లీ జారాను. ఆ తర్వాత అదే అలవాటైంది. కొంచెం అరవడం, కొంచెం జారడం. అరుపు కూడా సగం నటనే. గీతలు ఒకదాని కింద ఒకటి దిగుతూ పోయాయి. దారిన పోయేవాళ్లను పిలిచి నాయన కర్ర చూపించేవాడు. "సూడప్పా, యాడ నుంచి యాడికి వచ్చినాడో మా రామాంజి!" అనేవాడు. నడుము మొత్తం అంచుకు వచ్చేసి ఇంక జారడానికి చోటు లేకపోయాక, రోజుకు గోరంత దిగినా చాలనేవాడు. మూడు నెలలు అలా గడిచాయి.

మళ్లీ అనంతపురం పోయేటప్పుడు నాయన ఆ కర్ర తీసుకొచ్చాడు. వద్దని నేను ఎంత చెప్పినా వినలేదు. ఆసుపత్రి వసారాలో బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా ఎద్దుల కర్ర పట్టుకొచ్చిన ముసలాయన్ని వింతగా చూశారు. నేను చెమటలు పట్టి కూర్చున్నాను. పక్కన ఒక పల్లెటూరి ముసలమ్మ నేను భయపడుతున్నానని తన కొంగుతో విసిరింది. ఆమె దయకు కూడా నేను అర్హుణ్ణి కాననిపించింది.

డాక్టరు నన్ను బల్ల మీద పడుకోబెట్టి, కోణాలు చూసే కొలబద్ద మోకాలికి ఆనించాడు. ఒకసారి చూశాడు. మళ్లీ చూశాడు. మా నాయన వైపు తిరిగాడు.

"ఏమప్పా, వంచమంటే ఏం చేసినావు మూన్నెల్లు?"

"దినామూ వంచుతానే ఉండా సార్. ఇదో, గీతలు కూడా ఉండాయి" అని నాయన కర్ర ముందుకు చాపాడు.

డాక్టరు నవ్వాడు. పక్కనున్న నర్సు కూడా నవ్వింది. "కట్టె మీద గీతలుండాయి సరే, మోకాలు ఉన్న కాడనే ఉండాది. కొడుకు ఏడుస్తాంటే నీకి చెయ్యాడలేదు. అంతే గదా? కండ ఎముకకు అంటుకొనిపాయె. ఇంగ చేతులతో వంగదు" అన్నాడు.

నాయన కర్ర వైపు చూసుకున్నాడు. నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. ఒక్క మాట చాలు. 'నేనే జరిగాను సార్' అంటే చాలు. నోరు పెగల్లేదు. నాయనే అన్నాడు. "నిజమే సార్. నా చెయ్యి గట్టిగా ఆడింటే బాగుండు."

బస్సులో కాలు నడవలోకి చాచుకుని కూర్చున్నాను. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ దాటిపోతున్నారు. నాయన నా పక్కన కర్ర రెండు మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాడు. 

ఇంట్లో అమ్మ ఊరుకోలేదు. "నీ చేతులతోనే పిల్లోని కాలు పాడుజేసినావు" అంది. అది ఒక్కసారి అన్న మాట కాదు. నేను మెట్టు ఎక్కలేకపోయినప్పుడు అనేది, సంబంధం తప్పిపోయినప్పుడు అనేది. చుట్టాల ముందూ అనేది. మా చిన్నాయన సుబ్బయ్య అయితే రచ్చకట్ట మీద కూర్చుని "మా అన్న జాలే వానికి శత్రువాయె" అని పదిమందికీ చెప్పేవాడు. నాయన ఎవరికీ ఎదురు చెప్పలేదు. నేను గొంతుక్కూర్చోలేనని, కుర్చీ నడుమ చెక్క కోసి, చేని గట్టున చాటు కట్టి, నాకు దొడ్డికి వీలు చేశాడు. నేల మీద కూర్చుని తినలేనని నా పళ్లెం మంచం దగ్గరికి ఆయనే తెచ్చేవాడు. తెచ్చిన ప్రతిసారీ ఏదో ఒకలా ఆ మాటే వచ్చేది. "రోంత గట్టిగా అదిమింటే బాగుండు గదరా." నేను తల వంచుకుని తినేవాణ్ణి. చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. రేపు చెబుదాం, పంట చేతికొచ్చాక చెబుదాం అనుకున్నాను. ఆ ఏడు పంట చేతికి రాలేదు.

తొంభై తొమ్మిది ఎండాకాలంలో, చేనిలో కంప నరుకుతూ నాయన గుండె పట్టుకుని పడిపోయాడు. ఆటోలో పామిడికి తెచ్చేలోపే ప్రాణం పోయింది. తల నా ఒళ్లో ఉంది. వంగని కాలు మీద సరిగా ఆనక జారిపోతుంటే రెండు చేతులతో పట్టుకున్నాను. ఆ బరువు ఇంకా నా చేతుల్లోంచి పోలేదు.

దినాలకు పెన్న దగ్గరికి పోయాం. ఏట్లో నీళ్లు లేవు. ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీళ్లతోనే స్నానాలు చేశాం. నేను ఒక్కణ్ణే కొడుకును. పిండాల ముద్దలు పెట్టడానికి కూర్చోమన్నాడు అయ్యవారు. కూర్చున్నాను. కుడికాలు మడవదు గదా, అది చాచుకుని నేరుగా విస్తరి వైపే ఉంది. ఎటు తిరిగి కూర్చున్నా చెయ్యి అందదు, లేదంటే కాలు విస్తరికి తగులుతుంది. ఆ పాదం నాయన ముద్దల మీదికి చూస్తోంది.

చిన్నాయన అరిచాడు. "తండ్రి ముద్దల మీదికి కాలు చాపుతారారా యాడన్నా? లెయ్యి పైకి!"

ఇద్దరు పట్టుకుని లేపారు. చిన్నాయన కొడుకు ఓబులేసు నా చోట కూర్చుని ముద్దలు పెట్టాడు. నేను చంకకర్ర మీద వాలి నిలబడి చూశాను. "కొడుకు ఏడుస్తాడని జాలిపడె. ఇప్పుడు సూడు, ఆ కొడుకు చేతి ముద్దకే నోచుకోకపాయె" అన్నాడు చిన్నాయన. అందరూ తలలూపారు. అమ్మ కూడా ఊపింది. అక్కడా నేను నోరు విప్పలేదు. పిరికితనానికి ఇంతకంటే కింద మెట్టు ఉంటుందని నేననుకోను.

ఆ వేసవి నుంచీ నాకు నిద్రలోనూ మెలకువలోనూ పాదం మీద చేతులు తెలిసేవి. నాయన పోయాక పామిడిలో పెట్టుకున్న అంగట్లో లెక్క చెబుతూ ఉంటే ఎవరో మడమ పట్టుకున్నట్టుండేది. కాలు వెనక్కి లాక్కోబోయేవాణ్ణి. లాక్కోవడానికి వంగితే గదా.

సంవత్సరీకానికైనా నేనే కూర్చోవాలని పట్టుబట్టి బెంగుళూరు పోయాను. అక్కడ ఒక ఆసుపత్రిలో ఎముకకు అంటుకుపోయిన కండను విడదీసే ఆపరేషన్ చేస్తారని విన్నాను. అమ్మ తోడు వచ్చింది. డాక్టరు ముందే చెప్పాడు. విడదీయడం మా పని, ఒక పూటలో అయిపోతుంది, మళ్లీ అంటుకోకుండా వంచుకోవడం మీ పని, నెలల తరబడి ఉంటుంది అన్నాడు. అమ్మ వెంటనే అందుకుంది. "ఈసారి నేనే వంచుతా సార్. వాళ్ల నాయన మాదిరి చెయ్యను." నేను గోడ వైపు చూశాను.

నడుముకు మత్తు సూది ఇచ్చి, మెలకువగానే ఉంచి చేశారు. ఛాతీ దగ్గర పచ్చగుడ్డ అడ్డం కట్టారు. అవతల ఏం జరుగుతోందో కనపడదు. మాటలు వినపడుతున్నాయి, ఏదో లాగుతున్నట్టు ఊపు తెలుస్తోంది. ఒకచోట అందరూ మాట్లాడటం ఆపేశారు. ఎవరో నా పాదం రెండు చేతులతో పట్టుకుని మెల్లగా అదుముతున్నారు. నొప్పి లేదు, చేతులున్నాయని మాత్రం తెలుస్తోంది. అవి ఎవరి చేతులో నాకు తెలియదు, తెలిసినట్టే ఉంది. గుడ్డ ఇవతల నేను ఏడుస్తుంటే, భయపడుతున్నాననుకుని ఒక నర్సు నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. అడ్డం కట్టిన గుడ్డ తీసేదాకా అలాగే ఉంచింది. ఆమె మొహం కూడా చూడలేదు. ఆ చెయ్యి మాత్రం మరిచిపోను.

ఆ వార్డులో చిలమత్తూరు నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది, భర్తకు ఇదే ఆపరేషన్. ఆసుపత్రివాళ్లు నాకు కాలు వంచేటప్పుడు అమ్మ చూడలేక బయటికి పోతే, ఆ అక్క వచ్చి నా మంచం పక్కన నిలబడేది. "ఏడువప్పా, ఎవరొద్దన్నారు? ఏడుస్తానే వంచు" అనేది. తన భర్తకు చేసిన రొట్టెలో సగం నాకు పెట్టేది. మూడు వారాలకు మోకాలు కుర్చీలో కూర్చునేంత వంగింది. కుర్చీలో మామూలు మనిషిలా కూర్చుని నా రెండు మోకాళ్లూ పక్కపక్కనే చూసుకుని చాలాసేపు లేవలేదు.

ఇంటికొచ్చాక, రెండు వేల సంవత్సరం జనవరిలో, మళ్లీ అదే అరుగు. కింద అమ్మ కూర్చుంది. మడమ నేలకు తాకితే ఆ పూటకు అయినట్టు అని లెక్క పెట్టుకుంది. మొదటి నాలుగు రోజులు తాకింది. తర్వాత మోకాలు మళ్లీ పట్టేయడం మొదలైంది. ఒకరోజు ఎంత అదిమినా మడమ నేలకు బెత్తెడు పైనే ఆగింది. నేను అరుస్తున్నాను. అమ్మ వదల్లేదు. అప్పుడు నా నడుము ముందుకు జారింది.

నేను జరపలేదు. ఒట్టేసి చెబుతున్నా, నేను జరపలేదు. దానికి తోవ తెలుసు, అదే పోయింది. మడమ నేలకు తాకింది.

"వచ్చిందిరా!" అంది అమ్మ. అచ్చం ఆయన అన్నట్టే. చెమట తుడుచుకుంటూ నవ్వింది. "మీ నాయన చేతగానిది నేను చేస్తి. ఆయప్ప ఇంత మాత్రం అదిమింటే ఈ గతి ఎందుకొచ్చు?"

ఆ మాటకు నాలో ఏదో తెగింది. చెప్పేశాను. నడుము జారడం, గీతలు, సగం నటన, డాక్టరు ముందు పైకప్పు చూడటం, ఏట్లో నోరు మూసుకుని నిలబడటం, అన్నీ చెప్పాను. చెబుతూ చెబుతూ మళ్లీ జారి చూపించాను కూడా.

అమ్మ నా పాదం వదిలేసింది. నా మొహం చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా, చెప్పు తీసి కొట్టినా బాగుండు.

"ఆయప్ప పోయే పొద్దుట కూడా అంటిరా" అంది. "కంప కొట్టేకి పోతాంటే అంటి. 'నీ చేతులు కాలినా బాగుండు' అంటి. ఆయప్పతో నేనన్న కడా మాట అదే."

లేచి లోపలికి పోయింది. రెండు రోజులు అన్నం మంచం దగ్గర పెట్టి పోయేది. కాలు వంచడానికి రాలేదు. ఆ రెండు రోజుల్లో మోకాలు ఇంకా బిగుసుకుంది. ఇంక ఇంతే, నాకు ఇదే తగిన శాస్తి అనుకున్నాను.

మూడో రోజు పొద్దున అమ్మ ఎద్దుల పలుపుతాడు తెచ్చింది. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, నడుము చుట్టూ దుప్పటి మడిచి పెట్టి, దాని మీద తాడు వేసి వెనక గుంజకు బిగించి కట్టింది. మూడు ముళ్లు వేసింది. జరగబోయి చూశాను. జరగలేదు.

"సంవత్సరీకం నాటికి నువ్వు ఏట్లో కూసోవాల" అంది ముడి బిగిస్తూ. "కూసోని ముద్ద పెట్టి, అప్పుడు చెప్పాల. ఆయప్పను నలుగురిలో అంటిమి. నలుగురిలోనే చెప్పాల. అంతవరకూ నువ్వు అరిచినా సచ్చినా నేను ఇడిసిపెట్టను."

విడిచిపెట్టలేదు. నాలుగు నెలలు రోజుకు రెండు పూటలు. ఆమె ఏడవలేదు, మధ్యలో ఆపలేదు, అయిపోయాక మంచి మాట కూడా చెప్పలేదు. తాడు విప్పి పొయ్యి దగ్గరికి పోయేది. నా అరుపులకు వీధి అలవాటు పడింది. ఆమె చేతుల్లో ప్రేమ ఉందా, కోపం ఉందా అని రోజూ చూసుకునేవాణ్ణి. రెండూ ఒకే బలంతో అదిమేవి.

ఆ ఎండాకాలంలోనూ పెన్నలో నీళ్లు లేవు. చెలమ తీశారు. పోయినేడు వచ్చినవాళ్లంతా వచ్చారు. చిన్నాయన, ఓబులేసు, ఊరి పెద్దలు నలుగురైదుగురు. నేను పీట మీద కూర్చున్నాను. ఎడమకాలు మామూలుగా, కుడికాలు కష్టం మీద మడిచాను. పూర్తిగా మడవలేదు, అయినా పాదం ఎవరి మీదికీ చూడటం లేదు. అయ్యవారు పేరూ గోత్రం చెప్పమన్నాడు. చెప్పాను. మూడు ముద్దలూ పెట్టాను. అప్పటికే మోకాలిలో మంట లేచి నుదురు తడిసింది.

"నొస్తాంటే రోంత చాపుకో నాయనా, ఏం గాదు" అన్నాడు అయ్యవారు.

"చాపొద్దు" అంది అమ్మ వెనక నుంచి.

నేను చాపలేదు. అందరికీ వినపడేలా చెప్పాను. నాయన సరిగానే వంచాడని, నొప్పికి ఓర్వలేక నేనే దొంగతనంగా నడుము జరిపానని, మూడు నెలలు ఆయన్ని మోసం చేశానని, తప్పు ఆయన మీద పడితే నోరు మూసుకున్నానని చెప్పాను.    చిన్నాయన ఏదో అనబోయి, తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అమ్మ ముందుకు వచ్చింది. "వింటివా సుబ్బయ్యా? సరిగానే అదిమినాడంట మీ అన్న" అంది. తర్వాత నా పక్కన ఇసుకలో కూర్చుని, విస్తరి వైపు వంగి, ఆయనతో ఏదో చెప్పుకుంది. చాలాసేపు చెప్పింది. పక్కనే ఉన్నా నాకు ఒక్క మాట వినపడలేదు, వినాలని నేను ప్రయత్నించలేదు. ఆమె చెప్పడం ముగించేదాకా కాలు మడిచే కూర్చున్నాను.